కుళాయి వదిన బెంచీ

ఆ కాలనీ పార్కులో పోయినవాళ్ళకి బెంచీలున్నాయి గానీ, ఒక్క బెంచీ మీదా పేరు లేదు. బతికున్నప్పుడు వీధి ఆ మనిషిని ఏమని పిలిచేదో అదే ఒక చెక్క పలక మీద చెక్కించి బిగిస్తారు. గడియారం మాస్టారు. కుట్టుమిషన్ పిన్ని. గొడుగు తాతయ్య. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు అవి చదివి నవ్వుకుంటారు. కొన్నాళ్ళు పోయాక వాళ్ళే ఫోన్లో, "గొడుగు తాతయ్య దగ్గర కూర్చున్నా, అక్కడికే వచ్చెయ్" అని చెప్పడం మొదలుపెడతారు. అలా అన్నారంటే ఇక వాళ్ళు కాలనీవాళ్ళయిపోయినట్టే.

వానలు తగ్గాక వచ్చే మొదటి ఆదివారాన్ని బెంచీల ఆదివారం అంటారు. ఆ రోజు ఎవరి బెంచీకి వాళ్ళు రంగు వేసుకుంటారు. ఎవరి రంగు వాళ్ళది. వరసగా రెండేళ్ళు రంగు పడకపోతే ఆ బెంచీకి ఎవరూ లేనట్టు లెక్క. పలక విప్పేసి, కొత్తగా పోయినవాళ్ళకి ఇచ్చేస్తారు. ఏం చేస్తారు మరి, చోటు లేదు. బతికున్నవాళ్ళకే ఇరుకైన కాలనీ అది.

ఆ రూలు రాసింది సెక్రటరమ్మ.

ఆమె సెక్రటరీ అయిన కథ కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరు చేస్తారు, చెయ్యెత్తండి అని ప్రెసిడెంటు గారు అడిగితే అందరూ చేతులు కట్టుకు కూర్చున్నారట. ఈమె జడ సర్దుకోవడానికి చెయ్యి పైకెత్తింది. అదే ఎన్నిక. పగలంతా బజారు వీధిలో కళ్ళజోళ్ళ షాపులో పని, సాయంత్రం కాలనీ పని. లైటు పోయిందనీ, కుక్క కరిచిందనీ, పక్కింటి కొమ్మ మా గోడ మీదికొచ్చిందనీ అందరూ ఆమె దగ్గరికే. ఆమె కాదనేది కాదు. కాదనడం చేతకానివాళ్ళు అన్నిటికీ సరేనంటారు. సరేనన్నవాటిలో కొన్ని జారిపోతాయి. జారిపోయినవాటిలో ఒకటి ఆ రోజు మధ్యాహ్నం షాపు గాజు తలుపు తోసుకుని నేరుగా లోపలికొచ్చింది.

"గుర్తుపట్టావా అమ్మాయ్, లేకపోతే నీక్కూడా జోడు రాయాలా?"

వడ్రంగి బాబాయ్. చంకలో ఊతకర్ర, చేతిలో డాక్టరు చీటీ. కాలు విరిగి, కూతురు తన ఊరు తీసుకెళ్ళాక మళ్ళీ ఆయన్ని చూడడం ఇదే. మనిషి సగమయ్యాడు. నవ్వు మాత్రం అలాగే ఉంది.

సెక్రటరమ్మ ఎవరిదో ఫ్రేముకి స్క్రూ బిగిస్తోంది. అది చేతిలోంచి జారి ఎటు పోయిందో చూసుకోనైనా లేదు. "ఎప్పుడొచ్చావు బాబాయ్?" అంది. 

"పొద్దున బస్సుకి. ఇక వెళ్ళను. కూతురింట్లో మంచం బాగుంది, భోజనం బాగుంది, నాకే బాగోలేదు. ఎంతసేపని గోడ గడియారం చూస్తాం. అల్లుడు మంచివాడే, పాపం, నేనెప్పుడు బయల్దేరతానా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడక్కుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రెండు కళ్ళకీ ఆపరేషను అయింది. దూరంవి అద్దంలా కనిపిస్తున్నాయి. ఆ ఎదురు షాపు బోర్డు చదవమను, చదువుతా. దగ్గరవే అలుక్కుపోతున్నాయి. నీ మొహం కూడా ముగ్గులా ఉంది. జోడు ఇప్పించు. ముందు వెళ్ళి మీ వదిన పలక చదువుకోవాలి."

కుళాయి వదిన ఆయన భార్య. అందరికీ వదినే. పెద్దవాళ్ళకీ, పిల్లలకీ, బస్సు కండక్టరుకీ కూడా. ఆయన ఒక్కడే పేరు పెట్టి పిలిచేవాడు.

సెక్రటరమ్మ చీటీ చూసింది. ఎప్పుడూ అడిగే నంబరే. ఆ అద్దాలు వెనక గదిలో డబ్బాల కొద్దీ ఉన్నాయి. ఫ్రేము ఎంచుకుంటే, టీ తాగి వచ్చేలోగా బిగించి ఇవ్వొచ్చు.

"వారం పడుతుంది బాబాయ్" అంది.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న షాపు యజమాని తలెత్తాడు. "ఆ నంబరు లోపల ఉందిగా?"

"ఉన్నవి గీతలు పడ్డాయి సార్. కొత్తవి తెప్పించాలి."

యజమాని ఆమె వంక ఒకలా చూసి మళ్ళీ పేపర్లో తల దూర్చాడు. ఇన్నేళ్ళలో ఆమె బేరం వాయిదా వెయ్యడం అతను చూడలేదు.

"సరే, వారమే కదా" అన్నాడు బాబాయ్. "చదవకపోతేనేం, తడిమి చూసుకుంటా. నా చేత్తో చెక్కినవేగా. సాయంత్రం వస్తావా, పార్కుదాకా తీసుకెళ్దువు గాని? మెట్ల దగ్గర ఈ కర్రని నమ్మలేకపోతున్నాను."

"వస్తాను బాబాయ్" అంది. మళ్ళీ సరేనంది.

*

ఆయన వెళ్ళాక ఆమె కౌంటరు తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

ఊరెళ్ళేముందు ఆయన కుంటుకుంటూ వాళ్ళింటికొచ్చి ఒక రంగు డబ్బా, ఒక కుంచె ఇచ్చి వెళ్ళాడు. ఆ నీలం షాపుల్లో దొరకదు. రెండు మూడు రంగులు పోసి ఆయనే కలుపుకుంటాడు. భార్యకి ఇష్టమైన చీర రంగట. "ఈసారి నువ్వెయ్యాలి అమ్మాయ్. నీళ్ళు పోసి పలచన చెయ్యకు, చిక్కగానే పట్టించు" అన్నాడు. ఆమె అలాగే అంది. మనస్ఫూర్తిగానే అంది.

బెంచీల ఆదివారం వచ్చింది. పోయిన మామగారి బెంచీకి తెచ్చిన రంగు చేతులు ఆన్చే కర్రల దాకా వచ్చి అయిపోయింది. ఆదివారం పూట రంగుల షాపు మూత. "ఆ డబ్బా ఉందిగా, ఆ కర్రలకి వేద్దాం. ఆయన బెంచీకి రేపు మిగిలింది వేద్దువు" అంటూ భర్త మూత తీసేశాడు. ఒక కర్రకి వేస్తే రెండు రంగులు అతకలేదు. అతకలేదని మొత్తం అదే రంగు వేశారు. డబ్బా అడుగున మిగిలింది కుంచె తడవడానికి కూడా చాలలేదు. ఆయన ఫోన్ చేసి, "వేశావా?" అని అడిగితే, "అయిపోయింది బాబాయ్" అంది. మర్నాడే వేరే రంగు తెచ్చి వేద్దామనుకునే అంది. ఆ మర్నాడు ఏడాదంతా రాలేదు.

రెండో ఏడు అత్తగారు మంచాన పడింది. బెంచీల ఆదివారం నాడు భర్త ఒక్కడే వెళ్ళి, నీలం చెక్కుచెదరలేదని తండ్రి బెంచీ కాళ్ళకి మాత్రం రంగేసి వచ్చాడు. "వడ్రంగి బెంచీ పెచ్చులు లేచిపోతోంది" అని కూడా చెప్పాడు. ఆమె అత్తగారి దుప్పటి మారుస్తూ "ఊఁ" అంది.

అత్తగారికి మాట పోయింది. ఏదైనా కావాలంటే స్టీలు గ్లాసుతో మంచం కోడు మీద కొట్టేది. టంగ్ టంగ్ మని. దాహమైనా అదే, పక్క తడిసినా అదే, ఊసుపోకా అదే. ఒక మధ్యాహ్నం సెక్రటరమ్మ ఆ గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి, తలుపు దగ్గరికి వేసి పడుకుంది. బాగా నిద్రపట్టింది. లేచి వెళ్ళి చూస్తే ఆవిడ చెయ్యి మంచం కోడు మీద ఊరికే ఆడుతోంది. కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఆ తర్వాత నెలలపాటు బతికింది. గ్లాసు మళ్ళీ ఎప్పుడూ మంచం మీదనుంచి తీయలేదు. అయినా ఆ మధ్యాహ్నం మాత్రం పోలేదు.

అందుకే ఆవిడ పోయాక భర్త, "అమ్మకి పార్కులో చోటుందా?" అని అడిగినప్పుడు, ఆమె ఆలోచించనైనా లేదు. అన్నిటికన్నా మంచి చోటు, నీడా గాలీ ఉన్న చోటు, బస్టాపు కనిపించే చోటు ఆవిడకి దక్కాలనిపించింది. "ఒకటి ఖాళీ అయింది. రెండేళ్ళుగా రంగు పడలేదు" అంది. రూలు ప్రకారం అది నిజమే. పలక స్క్రూలు బిగుసుకుపోతే ఆమే సందులో కత్తి దూర్చి పెకలించింది. చెక్క ఒక మూల చీలింది. పలకని పాత చీరలో చుట్టి బీరువా వెనక పెట్టింది. ఆ చోట భర్త ఇత్తడి రేకు కొట్టించాడు. దాని మీద 'అమ్మ' అని ఉంది. వీధి ఆవిడని ఇన్‌స్పెక్టరమ్మ అనేది. ఆ మాట చెక్కించడానికి కొడుక్కి మనసొప్పలేదు. ఇప్పుడు పార్కుకొచ్చినవాళ్ళు, "అమ్మ అంటే ఎవరమ్మ?" అని అడుగుతుంటారు.

*

సాయంత్రం బాబాయ్ ఆమె మోచెయ్యి పట్టుకుని పార్కులోకి నడిచాడు. గేటు దగ్గరే ఆగాడు.

"రంగు మార్చావే?" అన్నాడు. దూరంవి ఆయనకి అద్దంలా కనిపిస్తాయి మరి. బెంచీ మెరూను రంగులో మెరుస్తోంది.

"ఆ నీలం దొరకలేదు బాబాయ్. డబ్బాలోది గడ్డకట్టేసింది."

"అవునా" అన్నాడు. చుట్టూ చూశాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "అదుగో, అక్కడెవరికో దొరికినట్టుందే."

ఆయన కర్ర చూపిస్తున్నది మామగారి బెంచీ వైపు. రెండేళ్ళ ఎండకీ వానకీ తట్టుకుని ఆ నీలం ఇంకా చిక్కగానే ఉంది.  సెక్రటరమ్మ ఆ వైపు చూడకుండా నడుస్తూనే ఉంది.

ఆయన బెంచీ మీద కూర్చుని, చేతులు ఆన్చే కర్రని బొటనవేలితో రాశాడు. ఫ్యాక్టరీలో బల్బులు సర్ది పంపే పెట్టెల చెక్క అది. ఈ కాలనీ ఆ బల్బుల ఫ్యాక్టరీ మూలంగానే పుట్టింది. అప్పుడు వీధులన్నిటికీ కలిపి బస్టాపు దగ్గర ఒకటే కుళాయి. వదిన తెల్లారకుండా లేచి ముసలివాళ్ళ బిందెలూ, బాలింతల బిందెలూ తన వరసలో పెట్టుకుని నింపి ఇచ్చేది. బిందె తోసుకొచ్చినవాళ్ళని నోటితోనే వెనక్కి తోసేది. సాయంత్రం షిఫ్టు బస్సు వచ్చేవేళకి అదే కుళాయి గట్టు మీద కూర్చుని మొగుడి కోసం చూసేది. ఆవిడ పోయాక ఆయన పెట్టెల చెక్క అడిగి తెచ్చి, బస్టాపు కనిపించేలా ఈ ఖాళీ స్థలంలో బెంచీ చేసి పెట్టాడు. బడి కట్టిస్తామని వదిలేసిన స్థలం అది. బడి రాలేదు, బెంచీ వచ్చింది. దాన్ని చూసి కుట్టుమిషన్ పిన్ని కొడుకు ఇంకోటి చేయించుకున్నాడు. అలా ఒకరిని చూసి ఒకరు. పార్కు అయింది.

బాబాయ్ వెనక్కి వాలాడు. వెంటనే ముందుకి జరిగాడు. "ఇదేంటి, చల్లగా తగిలింది?"

"వానకి చెక్క పుచ్చకుండా రేకు వేయించాం బాబాయ్. పలక మీద."

"పలక మీదా?"

"పలక మీదే."

ఆయన చెయ్యి వెనక్కి వెళ్ళబోయింది. అంతలో బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళలో ఎవరో ఆయన్ని చూసి, "ఓహో, వడ్రంగి బాబాయ్" అని కేకేశారు. ఆయన లేచి నిలబడ్డాడు. పలకరింపుల్లో చీకటి పడింది. ఆమె ఆయన్ని ఇంటికి దిగబెట్టింది. గుమ్మం దగ్గర ఆయన, "నా జోడు కాస్త తొందరగా తెప్పించు అమ్మాయ్" అన్నాడు.

*

"చెప్పెయ్. అందులో దాచడానికేముంది?" అన్నాడు భర్త. ఆఫీసు షర్టు విప్పి తలుపుకి తగిలిస్తున్నాడు. "రూలు అందరికీ ఒకటే. ఆయన ఊళ్ళో లేడు, రంగు పడలేదు. అంతే."

"వేస్తానన్నది నేను."

"అనుకున్నవన్నీ అవుతాయా?"

"డబ్బా మూత తీసింది మీరు."

షర్టు జేబులోంచి బస్సు టికెట్టు తీసి నలిపాడు. "అయితే ఇప్పుడేమంటావు, మా అమ్మని అక్కణ్ణుంచి లేపమంటావా? ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో ఆవిడ కూర్చుంటే తప్పు, నుంచుంటే తప్పు. పోయాకైనా ఒక చోట కుదురుగా కూర్చోనివ్వవా?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఎక్కడ తగిలిందో భర్తకి తెలీదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, కడిగేసిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ప్రెసిడెంటు గారి ఫోను అప్పుడే వచ్చింది. "సెక్రటరమ్మా, గేటు దగ్గర చరిత్ర బోర్డు సంగతేం చేశావు? పెయింటరు ఆదివారం వస్తానంటున్నాడు. కాలనీ ఎలా పుట్టింది, బెంచీలు ఎలా మొదలయ్యాయి, పది ముక్కల్లో రాసి తీసుకురా. మీటింగులో చదివేద్దాం. మొదటి బెంచీ ఎవరిదని పిల్లలు అడుగుతున్నారు, అదొక్కటీ మర్చిపోకు."

"అలాగే సార్" అంది.

కాగితం ముందు పెట్టుకుంటే ఫ్యాక్టరీ గురించి రాయగలిగింది, కుళాయి గురించి రాయగలిగింది. మొదటి బెంచీ దగ్గర కలం ఆగిపోయింది. ఇప్పుడు లేదని రాస్తే ఎందుకు లేదంటారు. ఉందని రాస్తే, వెళ్ళి చూసినవాళ్ళకి 'అమ్మ' కనిపిస్తుంది. మొదటి బెంచీ తన అత్తగారిదే అయి కూర్చుంటుంది.

మర్నాడు షాపుకి వెళ్ళగానే ఆమె వెనక గదిలోకి వెళ్ళి అద్దాలు తీసి, అరగదీసి, బాబాయ్ కోసం తేలికపాటి ఫ్రేము ఎంచి బిగించింది. "కొత్తవి వచ్చేశాయా?" అని యజమాని అడిగాడు. "పాతవే సార్. గీతలు లేవు" అంది. అతను ఇంకేమీ అడగలేదు.

*

బాబాయ్ ఇంట్లో ముందు గదే పనిగది. రంపాలు గోడకి వరసగా ఉన్నాయి, దుమ్ము పట్టి. ఆయన స్టూలు మీద కూర్చుని చెక్క నునుపు చేసే చిత్రికని గుడ్డతో తుడుస్తున్నాడు.

"వారం అన్నావుగా?"

"ఆ రోజే ఇవ్వాల్సింది బాబాయ్. నేనే ఇవ్వలేదు." జోడు ఆయన చేతిలో పెట్టలేదు. వెంట తెచ్చిన పాత చీర మడతలు విప్పి ముందు పలక ఆయన ఒడిలో పెట్టింది. తర్వాత జోడు ఇచ్చింది. నిలబడే చెప్పింది. డబ్బా సంగతి, ఫోనులో చెప్పిన అబద్ధం, రెండో ఏడు, అత్తగారు, తనే 'ఖాళీ అయింది' అనడం. ఎక్కడా పని ఒత్తిడి అనలేదు. అందామని నోటిదాకా వచ్చింది.

 ఆయన జోడు పెట్టుకుని పలక వంక చూశాడు. అక్షరాలు చదవడానికి అంతసేపు పట్టదు. చాలాసేపు చూశాడు. చీలిన మూల మీద వేలు పెట్టాడు.

"ఇది కత్తితో పెకలించారు" అన్నాడు.

"నేనే."

"స్క్రూ బిగుసుకుంటే ఒక చుక్క నూనె వేసి, రాత్రంతా వదిలేస్తే పొద్దున అదే తిరుగుతుంది." ఆయన గొంతు పెరగలేదు. "మీ అత్తగారికి చోటు కావాలని ఒక ఫోను చేసి ఉంటే నేనే ఇచ్చేవాణ్ణి. మీ వదిన అడక్కుండానే లేచి చోటిచ్చే మనిషి. వీధి వీధంతటికీ తెలుసు."

"తెలుసు బాబాయ్. ఆ బెంచీ నీకు తిరిగి ఇచ్చేస్తాం. లేకపోతే రెండు పలకలూ పక్కపక్కన..."

"వద్దు. వాళ్ళిద్దరికీ పడేది కాదు." ఆయనకి నవ్వొస్తుందేమోనని ఆమె ఒక్క క్షణం ఆశపడింది. రాలేదు. "మీ అత్తగారు ఒకసారి బిందె వరసలో ముందు పెట్టబోతే ఈమె తీసి వెనక పెట్టింది. పదేళ్ళు మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఇద్దర్నీ ఇబ్బంది పెట్టడం ఎందుకు. ఆవిణ్ణి లేపొద్దు కూడా. ఒకరిని లేపిన తప్పు చాలు."

"మరి ఈ పలక? ఇక్కడ పెట్టి వెళ్ళనా?"

ఆయన పలకని చీరలో మళ్ళీ చుట్టి ఆమె చేతికిచ్చాడు. "ఈ ఇంట్లో ఆమె వస్తువులు చాలా ఉన్నాయి సెక్రటరీ గారూ. దువ్వెన ఉంది, చెప్పులున్నాయి. బయట ఒక్కటే ఉండేది."

సెక్రటరీ గారూ. చిన్నప్పుడు తన బొమ్మ మంచానికి కోళ్ళు చేసిచ్చిన మనిషి, పెళ్ళయి ఇదే కాలనీలో కాపురానికి దిగితే పరుగెత్తుకొచ్చి కిటికీ తలుపులు సరిచేసిన మనిషి, ఎప్పుడూ అమ్మాయ్ తప్ప ఇంకో మాట అనలేదు.

"జోడు చెవుల దగ్గర సరిపోయిందా?" అంది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"సరిపోయింది. మీరు బాగా చేశారు" అన్నాడు.

*

ఆదివారం పొద్దున అసోసియేషన్ గదిలో మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఆనించిన నల్ల బోర్డు, మెట్ల మీద తెల్లరంగు డబ్బాతో పెయింటరు. వడ్రంగి రాలేదు. సెక్రటరమ్మ భర్త కిటికీ పక్కన కూర్చున్నాడు. 'బయట ఒక్కటే ఉండేది' అని బాబాయ్ అన్న మాట ఆమె ఆ రోజు ఇంటికి రాగానే భర్తకి చెప్పింది.  రెండు రోజులుగా ఇంట్లో ఉప్పు అడగడానికి, తలుపు వెయ్యమనడానికి తప్ప మాటల్లేవు.

ఆమె చదివింది. ఫ్యాక్టరీ, ఒకే కుళాయి, రాని బడి. అందరూ తలలూపుతున్నారు. తర్వాతి ముక్క చదివేటప్పుడు కాగితం మీంచి కళ్ళెత్తలేదు.

"మొదటి బెంచీ వడ్రంగి తన భార్య కోసం చేశాడు. వీధి ఆమెని కుళాయి వదిన అనేది. ఆయన ఊళ్ళో లేనప్పుడు దానికి రంగు వేస్తామని మాటిచ్చినవారు వేయలేదు. అందువల్ల ఆ బెంచీ ఇప్పుడు ఆమెది కాదు. ఈ కింద ఉన్న పలక ఆమెది."

చదవడం అయి ఆమె కాగితం దించింది.

"బాగుంది గానీ," అన్నారు ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, "ఆ రంగు ముక్క తీసేద్దామమ్మా. బోర్డు మీద అదెందుకు? చుట్టాలొస్తారు, చూస్తారు."

"అయినా ఎవరా మాటిచ్చినవాళ్ళు?" అంది కుట్టుమిషన్ పిన్ని కోడలు.

"నేనే."

"నువ్వా? అయ్యో, నీకున్న పనుల్లో... ఇంట్లో మంచాన పడ్డ మనిషిని పెట్టుకుని ఏం చేస్తావు మరి. మేమూ ఆ పెచ్చులూడిన బెంచీ పక్కనుంచే కదా రోజూ పోయాం. ఒక్కదానివే మీదేసుకోకు."

అందరూ అదే అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. నువ్వు చేసినంత ఎవరు చేశారన్నారు. ఒక్కొక్కరు ఒక్కో మాట అంటుంటే, ఎండలో నడిచొచ్చినవాళ్ళకి చల్లటి నీళ్ళిచ్చినట్టు, పుచ్చుకోవాలనిపించింది ఆమెకి. పుచ్చుకుంటే ఇంక అంతా సర్దుకుపోతుంది. కాగితం చివర వేళ్ళ కింద నలుగుతోంది.

"తీసేస్తే మొత్తం తీసెయ్యండి సార్" అంది. "అది లేకుండా మిగతాది నేను రాయలేను."

కిటికీ దగ్గర కుర్చీ కదిలింది. "ఉంచండి" అన్నాడు భర్త. బయటికే చూస్తున్నాడు. "ఆయన కలిపిచ్చిన రంగు మా నాన్న బెంచీకి వేసింది నేను. డబ్బా మూత తీసింది నేనే. మాటిచ్చినవారు అని కాదు, ఫలానా ఇంటివాళ్ళు అని రాయించండి."

"ఇదిగో, డబ్బా మూత దాకా వెళ్తే ఈ బోర్డు చాలదయ్యా. పక్క వీధి గోడ కూడా అడగాలి" అన్నారు ప్రెసిడెంటు గారు. ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు, చేతులు చాచి, "సరే, మీ ఇష్టం. సెక్రటరీ ఇంటివారు అని రాయించండి" అన్నారు.

భర్త ఆమె వంక చూడలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం గేటు దగ్గర ఆగి ఆమె కోసం చూశాడు. ఇద్దరూ కలిసి నడిచారు.

*

పలక బిగించడానికి మనిషిని పిలిపిస్తానన్నారు ప్రెసిడెంటు గారు. ఎవరు చెప్పారో, బోర్డు ఆరిన రోజు సాయంత్రం వడ్రంగి బాబాయ్ సంచీ భుజాన వేసుకుని తనే వచ్చాడు. సెక్రటరమ్మ బీరువా వెనకనుంచి పలక తెచ్చి, గేటు దగ్గర నిలబడి ఉంది.

ఆయన ముందు బోర్డు చదివాడు. కొత్త జోడుతో, తల కాస్త వెనక్కి పెట్టి, ఫ్యాక్టరీ దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో వరసా చదివాడు. చివరి వరసల దగ్గర ఆయన పెదవులు కదలడం ఆగిపోయింది. ఆమె రోడ్డు వంక చూస్తూ నిలబడింది. స్కూటరు మీద పోతున్నవాళ్ళు కూడా వేగం తగ్గించి చదువుతున్నారు. పొద్దున్నించీ అంతే. షాపుకి వచ్చిన ఒకావిడ, "సెక్రటరీ ఇంటివారంటే మీరేనా?" అని అడిగింది. అవునంది. ఆవిడ ఫ్రేము కొనకుండానే వెళ్ళిపోయింది.

బాబాయ్ సంచీ దించి, చీలిన మూలలో జిగురు పూసి, సన్నటి చెక్క పేడు ఒకటి దూర్చి, చేత్తో అదిమి పట్టాడు. ఆరేదాకా అలాగే పట్టుకున్నాడు. తర్వాత బోర్డు కింద గోడకి బెజ్జాలు పెట్టాడు. కాలు సరిగ్గా ఆనక ఒకసారి తూలితే ఆమె చెయ్యి చాచింది. ఆయన గోడ పట్టుకున్నాడు.

"కాస్త ఆ చివర పట్టుకోండి" అన్నాడు.

పట్టుకుంది. పలక ఆమె అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఇంత దగ్గరగా నిలబడితే ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఏదైనా అనాలనిపించింది. ఇన్నాళ్ళూ తను అన్న మాటలన్నీ ఇక్కడే, ఈ చేతుల్లోనే ఉన్నట్టనిపించి పలకని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆయన ఒక్కో స్క్రూనీ నూనెలో ముంచి, తొందరపడకుండా తిప్పాడు. తిప్పి, వేలితో తడిమి, మళ్ళీ ఒక చుట్టు తిప్పాడు. బస్సొకటి వచ్చి ఆగి వెళ్ళిపోయింది.

అన్ని స్క్రూలూ లోపలికి దిగాయి. పలక ఇక దానంతటదే నిలబడుతుంది. ఆయన వంగి సామాన్లు సంచీలో సర్దుకుంటున్నాడు. వదిలెయ్యమని ఆయన అనలేదు. ఆమె అడగలేదు. రెండు చేతులతో అలాగే పట్టుకుని నిలబడి ఉంది.